బోర్లించిన కంచాలు

మా ఊరి నుంచి టాటానగర్ పోయి బతుకుతున్నవాళ్ళు వీధికి నలుగురున్నారు. సెలవులకి వచ్చినప్పుడు అక్కడి రోడ్ల గురించి చెబుతారు, పార్కులో రంగురంగుల నీళ్ళ గురించి చెబుతారు. నేను పద్దెనిమిది రోజులుండి వచ్చాను. పార్కు చూడలేదు. చూసింది ఒక మెస్సు, దాని వెనక ఒక గొయ్యి. అవే రాస్తాను. మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. తప్పులుంటే దిద్దుకు చదవండి. కోపం మాత్రం దిద్దకండి.

మా చెల్లెలు నూకాలు కుళాయి దగ్గర జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుందని కార్డు వచ్చింది. దాని మొగుడు రైల్వేలో ఇంజన్ల షెడ్డులో పని. పిల్ల చిన్నది. పొయ్యి వెలిగించే మనిషి లేదు. అయిదు కిలోల బియ్యం, ఎండు నెత్తళ్ళు, చింతపండు, నా కంచం సంచిలో పెట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కాను. పరాయి కంచంలో నేను తినను. పెద్ద మనవడు పుట్టినప్పుడు కొని, అంచు మీద ‘బి. గౌరమ్మ’ అని పేరు చెక్కించుకున్న స్టీలు కంచం అది.

ఖరగ్‌పూర్‌లో పూరీలు

రైలు మారడానికి ఖరగ్‌పూర్‌లో ఒక పూట కూర్చున్నాను. ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నించుంటే ఆ చివర మనిషి చీమంత కనిపిస్తాడు. పక్క బెంచీ మీద కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఆకు దొన్నెలో ఆరు పూరీలు, బంగాళాదుంప కూర కొన్నాడు. రెండు తిన్నాడు. మూతి తుడుచుకుని, నాలుగు పూరీలున్న దొన్నెని పట్టాల మీదకి విసిరేశాడు. ఒక ఆడమనిషీ ఒక కుక్కా ఒక్కసారే దిగాయి. కుక్కదే గెలుపు.

నాకు ఒళ్ళు మండింది. “ఏటయ్యా, ఆ చేత్తో ఆవిడికే ఇస్తే నీ చెయ్యి ఇరిగిపోద్దా?” అని మన భాషలోనే అడిగాను. ఆయనకి నా భాష తెలీదు. అడుక్కుంటున్నానని అనుకుని నా చేతిలో పావలా పెట్టాడు. మొహాన కొడదామనిపించింది గాని, పావలాని నేను ఎన్నడూ విసరలేదు. తీసికెళ్ళి ఆ ఆడమనిషికిచ్చాను. ఆమె దాన్ని రెండువైపులా తిప్పి చూసి, నన్ను అనుమానంగా చూసింది.

అక్కడ టీ మట్టి ముంతల్లో ఇస్తారు. తాగి నేలకేసి కొట్టాలిట. కుమ్మరి కష్టాన్ని ఒక గుక్క తాగి పగలగొట్టడం ఏ ఊరి మర్యాదో! నేను మూడు ముంతలు కడిగి సంచిలో పెట్టుకున్నాను. నూకాలు చూసి విరగని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బర్మామైన్స్

మా చెల్లెలి ఇల్లు బర్మామైన్స్‌లో. సందు ఎంతంటే, ఎదురింట్లో పోపు పెడితే మనింట్లో తుమ్ములు. పొద్దున్నే ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసి వదిలేస్తారు. పొగ తగ్గాక లోపలికి తెచ్చుకుంటారు. ఆ పొగలోంచి సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి డ్యూటీకి పోతుంటాయి. సైరను మోగితే వేళ తెలుస్తుంది, గడియారంతో పనిలేదు.

మొదటి సాయంత్రమే పరువు పోగొట్టుకున్నాను. ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడింది. ఊరు తగలబడుతోందని బిందె పట్టుకుని వీధిలోకి పరిగెత్తి అరిచాను. ఎవరూ తల తిప్పలేదు. కార్ఖానాలో ఇనుము తీశాక మిగిలే కరిగిన చిట్టెం పారబోస్తే రోజూ అంతేనట.

నూకాలు కూతురు ఏడేళ్ళది. “కూడు తింతావేటే?” అని నేనడిగితే “భూఖ్ నహీ హై, మౌసీ” అంటుంది, ఆకలి లేదని. అంటూనే కంచంలో సగం వదిలి లేచిపోతుంది. రెండోరోజు చెవి పట్టుకుని కూర్చోబెట్టాను. మూడోరోజు నుంచి నా మొహం చూసి కంచం నాకి లేచేది. వంకాయలు కిలో రూపాయిన్నర పోసి కొంటున్న ఊళ్ళో సగం కంచం వదలడమేమిటి?

గోడ అవతల గొయ్యి

నూకాలు పెరటి గోడ అవతల పోలినాయుడి మెస్సు. అతను బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాడు. మన జిల్లా మగవాళ్ళు, పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో ఉంచి వచ్చినవాళ్ళు, యాభై మంది అక్కడ నెల డబ్బు కట్టి తింటారు. వంటమనిషి సింహాచలం. బక్క మనిషి, చెవిలో బీడీ.

నేను వెళ్ళిన నాలుగోరోజు సాయంత్రం నాలుగు కావస్తుండగా పెరట్లో బట్టలారేస్తున్నాను. సింహాచలం పెద్ద డేగిశా మోసుకొచ్చి గొయ్యిలో వంచాడు. అన్నం. మల్లెపువ్వుల్లాంటి అన్నం, ఆ పూట వండింది. తరవాత పప్పు. తరవాత పొయ్యిలో బూడిద బకెట్టు తెచ్చి దాని మీద పోశాడు.

“ఓరి, నీ చేతులిరగ! ఏటా పని?” అని గోడ మీంచి అరిచాను.

“గొంతు తగ్గించు మామ్మా. నాయుడు బుగత లోనున్నాడు.”

“బూడిద దేనికిరా?”

“ఎవులూ ఏరుకోకుండా.”

మా ఇంట్లో రాత్రి మిగిలిన మెతుకుల్లో నీళ్ళు పోస్తే పొద్దుటికి తరవాణి. ఆ పుల్లటి నీళ్ళే మా ఆయన పొలానికి పోయే ముందు తాగిన బలం. అన్నం మిగిలితే ఇన్ని దార్లుండగా, ఎవరికీ దక్కకూడదని బూడిద పొయ్యడం ఏ బుర్రకి తట్టింది?

మిగలడానికి కారణం కూడా సింహాచలమే చెప్పాడు. కార్ఖానాలో ఓటీ పడితే, అంటే ఒక డ్యూటీ మీద ఇంకో డ్యూటీ చేస్తే, వాళ్ళు తిండికి రారు. ఓటీ సంగతి సగం మందికి ముందురోజే తెలుస్తుంది. నెల డబ్బు కట్టేశాం కదా అని ఎవడూ వంటమనిషికి చెప్పడు. నాయుడూ అడగడు. యాభైమందికీ ఎసరు పడుతుంది.

మర్నాడు అదే వేళకి కాపు కాశాను. సింహాచలం గొయ్యి దగ్గరికి రాకముందు పక్క గోడ దగ్గర వంగున్నాడు. అక్కడ రెండు ఇటుకలు ఊడిన కన్నం ఉంది. అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా పచ్చబొట్టు చుక్కలు, ఒక్క ఇత్తడి కడియం. గిన్నె తరవాత గిన్నె అందుకుంది. ఏడు గిన్నెలు. అప్పుడు మిగిలిన కాస్తా గొయ్యిలో వంచి, తక్కువైనట్టు కనపడకుండా బూడిద రెండు బకెట్లు పోశాడు.

నేను ఏమీ చూడనట్టు ఆరేసిన చీరే మళ్ళీ ఆరేశాను.

పర్సుడీహ్ సంత

మా మరిది సెలవు పెట్టిన రోజున పర్సుడీహ్ సంతకి తీసికెళ్ళాడు. కోళ్ళు, మేకలు, కుండలు, చేటలు, మన సంతలాగే ఉంది గాని బేరం ఆడేది నాలుగు భాషల్లో. ఉప్పుడు బియ్యం మన ఊరి కన్నా కిలోకి పది పైసలు తక్కువ. చింతపండు మాత్రం ముట్టుకుంటే షాకు కొట్టింది. నేను మోసుకెళ్ళినందుకు నూకాలు నాకు దణ్ణం పెట్టాలి.

పళ్ళుతోముకునే పుల్లల కట్టలు, సాల చెట్టు ఆకుల దొన్నెలు పెట్టుకు కూర్చున్న ఒకావిడ దగ్గర ఆగాను. పుల్లలు ఇవ్వడానికి చెయ్యి చాచింది. పచ్చబొట్టు చుక్కలు. ఇత్తడి కడియం.

పేరు సుకుర్‌మణి. సంతాలీ మనిషి. ఇటుకలూ మట్టీ మోసే ఆడకూలీల్ని అక్కడ రేజాలంటారు; ఈమె రేజా. మా ఊరు ఒరియా వాళ్ళకి దగ్గర కాబట్టి నాకు నాలుగు ఒరియా ముక్కలొచ్చు, ఆమెకీ వచ్చు. మిగతాది మా మరిది హిందీ. కాంట్రాక్టరు చలికాలం పోగానే ఆడవాళ్ళని పనిలోంచి తీసేశాడట. మగవాళ్ళకి వారానికి మూడురోజులు పని. ఏడు గుడిసెల్లో రోజూ తిండి ఆ గోడ కన్నంలోంచే వస్తోంది.

“నాలుగింటికి అందే అన్నం పాచిపోదా?” అన్నాను.

“రాత్రి తింటాం. మిగిలితే నీళ్ళు పోస్తాం. పొద్దున బాసీ భాత్” అంది.

“మా తరవాణే!” అన్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, ఒక దొన్నె కొసరేసింది. నాకు కొసరు వేసినవాళ్ళు ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

ఆదివారం

ఇప్పుడు నా తప్పు రాయాలి.

ఆదివారం మెస్సులో వేటకూర. నూకాలు నోరు చవిచచ్చిందని అడిగితే, గిన్నె పట్టుకుని మెస్సుకెళ్ళాను. ముందు గదిలో గోడకి చెక్క అర, అందులో యాభై కంచాలు వరసగా, ప్రతిదాని మీదా పేరు చెక్కి ఉంది. మన వాళ్ళు ఎంత దూరం పోయినా కంచం మీద పేరు మానరు. పోలినాయుడు దేవుడి పటానికి అగరొత్తి గుచ్చుతున్నాడు.

“రా అమ్మా, మన జిల్లావోలు” అని కుర్చీ వేశాడు. వేస్తూనే లోపలికి కేక పెట్టాడు. “సింహాచలం! ఇరవైమందికి ఓటీ పడిపోనాదంట. రెండో డేగిశా దించేసి గోతిలో కొట్టీ. బూడిద సరిగ్గా పొయ్యి.”

“ఏటి నాయుడా? ఏటి కొట్టమన్నావు?”

“నీకెందుకమ్మా. నీ కూర నువ్వు పట్టుకెల్లు.”

“అన్నం ఏటి తప్పు సేసిందని బూడిద పోయిత్తన్నావు? గోడవతల ఏడిళ్ళోళ్ళు పస్తుంటే నీ గొయ్యి బలిసిపోతన్నాది!”

“ఊరికే ఎడితే రేపు డబ్బులిచ్చి ఎవడు తింతాడు? ఇది మెస్సు, సత్రవు కాదు.”

“నీకన్నా నీ వంటోడు నయం! ఆడికి మనసున్నాది కాబట్టి రోజూ ఏడు గిన్నెలు ఆ కన్నంలోంచి అందిత్తన్నాడు. ఆడి పున్నేన నీ పాపం కొంత తరుగుతున్నాది!”

మాట నోరు దాటాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. వంటింటి గుమ్మంలో సింహాచలం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఏరా, నిజివేనా?” అన్నాడు నాయుడు.

“నిజివే బావూ.”

“పెట్టె సర్దుకో.”

మూసిన కన్నం

ఆ సాయంత్రం సింహాచలం రేకు పెట్టెతో నూకాలు వసారాలో కూర్చున్నాడు. వేరే చోటు లేదు. నేను మొహం చెల్లక బియ్యంలో రాళ్ళేరుతున్నాను.

“పోనీలే మామ్మా” అన్నాడు. “ఈ ఊరొచ్చిన పదేళ్ళలో నన్నొకలు పొగడ్డం ఇదే మొదలు. పొగిడిన పూటే ఉజ్జోగం ఊడింది. ఇంకెవుల్నీ పొగడకు.”

నూకాలు మాత్రం ఊరుకోలేదు. “ఒట్టి నోరప్పా నీది! సూసినావు, కడుపులో ఎట్టుకోవచ్చు గదా?” అంది. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది నన్ను తిడుతుంటే తల దించుకుని రాళ్ళేరాను.

మర్నాడు నాలుగింటికి ఆడవాళ్ళు వచ్చారు. కన్నం లేదు. కొత్త ఇటుకలు, తడి సిమెంటు. సుకుర్‌మణి వేలితో తడిమింది. తలెత్తి, మా పెరటి మూల గోడ మీంచి చూస్తున్న నన్ను చూసింది. నా నోటి వల్లే అని నోటి మీద కొట్టుకుని చూపించాను. అర్థమయిందో లేదో. చేతిలో గిన్నె నేల మీద బోర్లించి, దాని మీద కాసేపు కూర్చుంది. తరవాత లేచి వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిడితే నాకు బావుండేది.

గోడ ఇవతల, మెస్సు పెరట్లో, కొత్త వంటవాడు గొయ్యి నింపుతున్నాడు.

రెండు రూపాయల భోజనం

నా జన్మలో అన్నం కొనుక్కోలేదు. మంగళవారం కొనుక్కున్నాను. రెండు రూపాయలు నాయుడి బల్ల మీద పెట్టి, నా కంచం పట్టుకుని వెళ్ళి మగవాళ్ళ వరసలో కూర్చున్నాను. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు ముప్పైమంది దాకా ఉన్నారు. సర్దుకుని చోటిచ్చారు. వడ్డన మొదలయింది. అన్నం గరిటె నా ముందుకి రాగానే కంచం తిప్పి బోర్లించాను.

మా వైపు కంచం బోర్లించడమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అది ఊరికే తిననని చెప్పడం కాదు. ఈ ఇంట్లో జరిగిన అన్యాయం తీరేదాకా ముద్ద ముట్టనని చెప్పడం. అలా ఒక ముసలిది కూర్చుంటే పక్కనున్నవాడికి ముద్ద దిగదు.

“మామ్మా, అరిష్టం. కంచం తిప్పు” అన్నాడు పక్కనున్న కుర్రాడు.

“సింహాచలం వచ్చి తిప్పాలి.”

సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎదురుగా క్రేను నడిపే ముసలాయన ఒకడు, చెయ్యి అన్నంలో పెట్టబోతున్నవాడు, ఆగాడు. కంచంలో పడిన అన్నం జాగ్రత్తగా డేగిశాలో తిరిగి వేశాడు. కంచం బోర్లించాడు. తరవాత ఇంకొకడు. టక్. టక్. వరస చివరిదాకా ఆ చప్పుడు పోయింది.

నాయుడి మొహం నల్లబడింది. లోపలికెళ్ళి బూడిద బకెట్టు తెచ్చాడు. “మీరు తినకపోతే ఉంచుతాననుకున్నారేటి? ఇదీ గోతికే!”

“పొయ్యి నాయుడా” అన్నాను. “ఇన్నాళ్ళూ గోడెనక పోసినావు. ఇయ్యాల మనోళ్ళ కళ్ళముందు పొయ్యి.”

పైకే అలా అన్నాను. నేను గింజ పారేసి ఎరగను. ఆ డేగిశా నిండా పొగలు కక్కుతున్న అన్నం బూడిద పాలైతే ఆ పాపం నాయుడిది కాదు, నాది. నాయుడు బకెట్టు ఎత్తాడు. ముప్పైమందీ చూస్తున్నారు. చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎంతసేపో. ఆఖరికి బకెట్టు కింద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు.

“మీకేటి తెల్సు?” అన్నాడు. “రెండేళ్ళ కిందట ఒక కూలోడు పొద్దుటి మిగులు కూర సాయంత్రం అడిగి తిని వాంతులు సేసుకున్నాడు. ఆడి మనుసులొచ్చి కుండలన్నీ పగలగొట్టీసినారు. నా తల పగలగొట్టీవోలే. ఆ రోజు కాడ్నుంచి బూడిద.”

అతని మీద నాకు మొదటిసారి కాస్త జాలి కలిగింది. కోపం తగ్గేంత కాదు.

“అది పాచికూర. పొయ్యి మీంచి దించిన ఏడి కూడు ఒంటిగంటకి ఇయ్యి. కన్నంలోంచి కాదు, వాకిట్లోంచి ఇయ్యి. ఇంకోటి సెప్పు నాయుడా. ఓటీకెల్లినోడు నెల డబ్బులు కట్టినాడా నేదా?”

“కట్టినాడు.”

“మరి ఆ కూడు ఆడిది. ఆడిది గోతిలో పొయ్యడానికి నువ్వెవులివి?”

వరసలోంచి “అవును బావూ” అన్నారు ఒకరిద్దరు. తరవాత చాలామంది. చివర్నించి ఒకడు మాత్రం “రేజాలు వాకిట్లోకొత్తే మనవెక్కడ కూకుంటాం?” అని గొణిగాడు. “నువ్వెలగూ ఓటీకెల్తావు గదా, నీ చోట్లో కూకుంటారు” అన్నాను. అందరూ నవ్వారు. నాయుడు నవ్వలేదు గాని, సింహాచలాన్ని పిలవమని కుర్రాణ్ణి పంపాడు.

సింహాచలం వచ్చి నా కంచం తిప్పాడు. తిన్నాను. చారు నీళ్ళనీళ్ళగా ఉంది. రెండు రూపాయలకి ఆ చారు దోపిడీ. అదీ నాయుడితో చెప్పే వచ్చాను.

ఆ మధ్యాహ్నం కబురు పెడితే వచ్చింది గాని, సుకుర్‌మణి వాకిట్లోకి రావడానికి ఒప్పుకోలేదు. గుమ్మం అవతలే నిలబడింది. నేనే బయటికెళ్ళి గిన్నె అందుకుని, నింపించి ఇచ్చాను. అప్పుడు కూడా అన్నం కేసి కాక నా మొహం కేసే చూసింది, మళ్ళీ ఏం మాట జారుతానో అన్నట్టు.

మర్నాటి నుంచి సింహాచలం ఒక పద్ధతి పెట్టాడు. ఓటీ ఉన్నవాడు పొద్దున్న డ్యూటీకి పోతూ అరలో తన కంచం బోర్లించి పోవాలి. బియ్యం కడిగే ముందు సింహాచలం బోర్లించని కంచాలు లెక్కపెట్టుకుని అంతమందికే ఎసరు పెడతాడు. నేనున్న మిగతా రోజులు అలాగే నడిచింది; బోర్లించడం మరిచినవాళ్ళ వంతు ఒంటిగంటకి ఆడవాళ్ళకి అందేది. గొయ్యి ఎండిపోవడం నా కళ్ళతో చూసి రైలెక్కాను.

ఇంటికొచ్చాక

వచ్చిన రెండు నెలలకి నూకాలు ఉత్తరం రాసింది. చెయ్యి అతికిందట. కంచాల పద్ధతి బ్రహ్మాండంగా ఉందట. రోజూ పది పదిహేను బోర్లుతున్నాయట. అన్నం మిగలడం లేదు, బూడిద బకెట్టులో నాయుడు తులసి నాటాడట. బియ్యం కలిసొచ్చి ముందు గదికి కొత్త ఫ్యాను కొన్నాడట. ‘అంతా నీ చలవే అప్పా’ అని రాసింది. కింద, చోటు చాలక అంచుమీద రాసింది: ‘ఆడవాళ్ళు ఒంటిగంటకి వస్తున్నారు. ఒకరోజు ఒక గిన్నెడు, ఒకరోజు ఏమీ ఉండదు. సుకుర్‌మణి నువ్వెప్పుడొస్తావని అడిగింది.’

చదివి మంచం మీద కూర్చోలేకపోయాను. పారబొయ్యడం ఆపించానని నేను మురిసిపోతుంటే, ఏడిళ్ళ పొట్ట కొట్టి ఫ్యాను తిప్పుకుంటున్నాడు. బోర్లించినవాడు నెల డబ్బు కట్టలేదా? ఆ కంచం తాలూకు బియ్యం ఎవరివి?

కార్డు తీసుకుని రాశాను. ‘నూకాలూ, ఇది తీసికెళ్ళి నాయుడికి చదివి వినిపించు. అరలో బోర్లిన ప్రతి కంచానికీ ఒక కంచం బియ్యం ఎసట్లో పడాలి. అది ఓటీకెళ్ళినవాడి అన్నం, వాడి పేరు మీద ఆ ఆడవాళ్ళకి పోవాలి. కాదంటే, అందరి కంచాలూ మళ్ళీ బోర్లుతాయి. ఈసారి ఆ ఫ్యాను కింద.’

సెలవు ముగించి టాటానగర్ పోతున్న మా వీధి వాడి చేతికి ఆ కార్డుతో పాటు నా కంచం కూడా ఇచ్చాను. ఇచ్చే ముందు చింతపండుతో తోమాను. ఇది సుకుర్‌మణిదని చెప్పమన్నాను. పేరు నాదే ఉన్నా ఫరవాలేదు, అరలో మొదటి గడిలో పెట్టమన్నాను. ఏ రోజూ, ఎవరూ బోర్లించకూడదన్నాను.

నేను ఇప్పుడు అరిటాకులో తింటున్నాను. నాయుడు కంచం పెట్టాడో లేదో ఉత్తరం ఇంకా రాలేదు. వానలు తగ్గేదాకా చూస్తాను. ఖరగ్‌పూర్‌లో ఎక్కడ దిగి ఏ రైలెక్కాలో నాకు తెలుసు.